మొరం రోడ్డంటే మనకెందుకు అంత చిన్నచూపు?

ఫోన్ తెరిస్తే చాలు, ఆల్ప్స్ కొండల్లో సైకిల్ తొక్కేవాళ్ల రీల్స్ వరసపెట్టి వస్తున్నాయి. తెల్లటి కంకర బాట, పక్కన లోతైన లోయ, మెడలో గంటలు కట్టుకున్న ఆవులు, వెనకాల మంచుకొండ. దీని పేరు గ్రావెల్ బైకింగ్. ఆ వీడియోలు చూసి మా బెల్లంపల్లి పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, అసొంటి రోడ్లు మనకెక్కడియి?"

నాకు నవ్వొస్తది. అసొంటి రోడ్లు తప్ప వేరే రోడ్లు లేవనే కదా మనం ఇన్నేళ్లుగా కనిపించిన ప్రతి నాయకుడికీ దరఖాస్తులు పెట్టుకున్నది!

ముందు అసలు సంగతి చెప్పుకుందాం. గ్రావెల్ అంటే కంకర. మన లెక్కలో మొరం రోడ్డు, మట్టి రోడ్డు, బండ్ల బాట, చెరువు కట్ట, డాంబర్ పడని దారి ఏదైనా దీని కిందికే వస్తుంది. గ్రావెల్ సైకిల్ చూడ్డానికి రేసు సైకిల్ లాగే ఉంటుంది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం లావు, మామూలుగా 38 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు. డాంబర్ మీద ఉరుకుతుంది, మొరం మీద తట్టుకుంటుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో కొద్దిమందితో ఒక మట్టిరోడ్డు రేసు మొదలైంది. ఇవాళ అన్‌బౌండ్ అనే పేరుతో ప్రపంచం నలుమూలల నుంచి జనాన్ని లాగుతోంది. దాని పెద్ద రేసు 200 మైళ్లు, అంటే సుమారు 320 కిలోమీటర్లు. 2022లో ఇటలీలో ఈ ఆటకు తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా జరిగింది. గమనించారా, ఎంపోరియా పెద్ద నగరమేం కాదు. చుట్టూ పశువులు మేసే గడ్డి బయళ్లు, వాటి మధ్య మట్టి రోడ్లు. అంతే.

ఆల్ప్స్ సంగతి కూడా చెప్తాను. ఇటలీలో కొల్లె దెల్లె ఫినెస్త్రె అని ఒక కనుమ ఉంది. పైకి పోయే దారిలో చివరి 8 కిలోమీటర్లు ఇప్పటికీ మట్టే. 2018లో జీరో దితాలియా రేసులో క్రిస్ ఫ్రూమ్ అక్కడే అందర్నీ వదిలేసి, ఇంకా 80 కిలోమీటర్ల దూరం ఉండగానే ఒంటరిగా పోయి ఆ రోజు గెలిచాడు, తర్వాత రేసే గెలిచాడు. ఆ దారిని సైకిళ్ల కోసం ఎవరూ వెయ్యలేదు. కొండ మీది కోటలకు సైన్యం పోవడానికి వేశారు. సైన్యం పోయింది, బాట మిగిలింది.

మా దగ్గర కూడా అంతే. సైన్యం బదులు బొగ్గు, టేకు.

మనదీ లోయే తెలుసా? భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతాన్ని ప్రాణహిత–గోదావరి లోయ అంటారు. కోట్ల ఏళ్ల కింద నేల చీలి కుంగింది. ఆ పల్లంలో ఇసుక, ఒండ్రు, చెట్లు పేరుకుపోయి ఇసుకరాయి అయ్యాయి, బొగ్గు అయ్యాయి. అందుకే బెల్లంపల్లి నుంచి తూర్పుకు పోతే నేల మెల్లగా ప్రాణహిత వైపు వాలుతుంది, పడమరకు పోతే గుట్టలు లేస్తాయి. ఇసుకరాయి అరిగిన చోట బాట ఎర్రగా ఉంటుంది. దేవాపూర్ దిక్కు సున్నపురాయి, అక్కడ దుమ్ము తెల్లగా లేస్తుంది, సిమెంట్ ఫ్యాక్టరీ అక్కడికి వచ్చిందే ఆ రాయి కోసం. గనుల పక్కన నలుపు. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికొస్తే సాక్సుల మీద మూడు రంగులు లెక్కపెట్టొచ్చు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఈ భూగర్భ శాస్త్రం నచ్చదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లను నేను కన్నాల దిక్కు తీసుకుపోతాను. అడవి అంచున బుగ్గ రాజరాజేశ్వర స్వామి గుడి ఉంది కదా, శివరాత్రికి జాతర జరిగే చోటు. బుగ్గ అంటే ఊట. గుడికి పోయే పెద్ద దారి సంగతి వదిలేయండి. దాని పక్కన పొలాల మధ్య నుంచి పోయే బండ్ల బాటల మీదనే ఈ విద్య నేర్చుకోవాలి. బండ్ల బాటకు రెండు గాళ్లు, నడుమ గడ్డి. ఒక గాడి పట్టుకున్నాక పదేపదే మారకూడదు. నడుమ గడ్డిలో ఏ రాయి దాక్కుందో తెలియదు. వదులు మొరం మీద మలుపు వస్తే బ్రేకు మలుపుకు ముందే వెయ్యాలి. మలుపులో ముందు బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. ఇసుక వాగు అడ్డమొస్తే దిగకముందే తేలిక గేరులోకి మార్చి, హ్యాండిల్‌ను గట్టిగా బిగించకుండా, తొక్కడం ఆపకుండా పోవాలి. ఆపితే కూరుకుపోతుంది. చూపు ముందు చక్రం మీద కాదు, పది మీటర్ల ముందుండాలి. వారం రోజులు ఇట్ల తొక్కితే కాళ్లకు అదే తెలుస్తది.

బొగ్గు బాటల సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం మొదలై దాదాపు నూరేళ్లు. మా పాత కార్మికులు ఇప్పటికీ దారి చెప్పాలంటే గనుల పేర్లే చెప్తారు. మార్గన్స్ పిట్ ఇవతల, సౌత్ క్రాస్‌కట్ అవతల, శాంతిఖని రోడ్డున పోయి ఎడమకు తిరుగు... గూగుల్ మ్యాప్‌కు తెలియని భూగోళం అది. మూతపడ్డ గనుల చుట్టుపక్కల, పాత కాలనీల వెనక, జనం నడిచి నడిచి చేసిన బాటలు బోలెడు. పొద్దున్నే రిటైరైన పెద్దమనుషులు వాకింగ్ చేసేది కూడా వాటి మీదే. ఆ బాటల మీద తొక్కండి, ఎవరూ వద్దనరు.

కానీ కంచె లోపలికి వద్దు. ఓపెన్ కాస్టుల మట్టి గుట్టలు దూరం నుంచి ఊరిస్తాయి. ఆల్ప్స్‌ను భూమి చేసింది, వీటిని డంపర్లు చేశాయి, ఎత్తు మాత్రం కళ్లకు బాగానే ఆనుతుంది. అయినా అటు పోకూడదు. వంద టన్నుల డంపర్ నడిపే డ్రైవరుకు బండి ముక్కు కింద ఉన్న సైకిల్ కనపడనే కనపడదు. బ్లాస్టింగ్ ఉంటుంది. భూగర్భ గనుల మీది నేల ఎక్కడెక్కడ కుంగుతుందో పైనుంచి చూసి చెప్పలేం. కంపెనీ బోర్డు పెట్టి రావద్దన్న చోటికి వీడియో కోసం పోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకేదైనా అయితే ఉద్యోగం పోయేది గేటు దగ్గరున్న సెక్యూరిటీ గార్డుకు.

మందమర్రి దిక్కున బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా మరో మంచి సగం రోజు పని. ఇసుకరాతి గుట్ట, దాని మీద పాత కోట ఆనవాళ్లు, నాయకపోడుల దేవత గాంధారి మైసమ్మ. మాఘమాసంలో జాతర. ఆ రోజుల్లో సైకిల్ ఇంట్లో పెట్టి మామూలు మనిషిలా జాతరకు పోండి, అదే బాగుంటుంది. మిగతా రోజుల్లో గుట్ట కింద దాకా తొక్కి, సైకిల్ తాళం వేసి, నడిచి ఎక్కాలి. కోట రాళ్ల మీద టైరు ముద్రలు వద్దు.

ఇక తిర్యాణి.

ఈ ప్రాంతంలో సైకిల్ తొక్కేవాడెవడైనా చివరికి చేరేది అక్కడికే. బెల్లంపల్లి నుంచి తాండూర్ ఐబీ దాకా హైవే, అక్కడి నుంచి మాదారం మీదుగా తిర్యాణి. పెద్ద దారి డాంబరే. దాన్నుంచి గూడేలకు చీలే దారులే అసలైన మొరం. టేకు అడవి, వాగులు, చెలిమెల వాగు ప్రాజెక్టు నీళ్లు, ఇంకా లోపలికి పోతే చింతల మాదర, గుండాల జలపాతాలు. దసరా అయ్యాక వానలు తెరిపిచ్చి మొరం గట్టిపడుతుంది. దీపావళి చుట్టూ దండారి, గుస్సాడీ బృందాలు ఊరి నుంచి ఊరికి పోతుంటాయి. దారిలో ఎదురైతే సైకిల్ దిగి పక్కకు నిలబడాలి. ఫోన్ జేబులో ఉండాలి, వాళ్లు తియ్యమంటేనే బయటికి. జనవరిలో పొద్దున ఏడింటికి కూడా వేళ్లు కొంకర్లు పోతాయి. ఫిబ్రవరిలో మోదుగ పూస్తుంది, టేకు ఆకు రాలుతుంది. ఆ ఎండుటాకుల మీద తొక్కితే అప్పడాలు నలిగినట్టు చప్పుడు. మార్చి దాటితే వద్దు. ఎండ చంపుతుంది.

ఒక కార్తీకంలో అటు పోయినప్పుడు ఒక గూడెం బయట ఇప్పచెట్టు కింద ఆగాను. ఒక గోండు పెద్దాయన వచ్చి సైకిల్‌ను నాలుగు దిక్కుల నుంచి చూశాడు.

"ఏం పని మీద వచ్చినవ్ బాబూ? సర్వేనా?"

"పని ఏం లేదు దాదా. రోడ్డు బాగుంటదంటే తొక్కుదామని వచ్చిన."

"ఏ రోడ్డు?"

"ఇదే."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, తర్వాత గట్టిగా నవ్వాడు. ఇంటి వైపు తిరిగి గోండిలో ఏదో కేకేశాడు. లోపలి నుంచి ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. కడుపు పట్టుకుని నవ్వుతూనే అన్నాడు: "వానలల్ల రా బాబూ. అప్పుడు చూద్దువు దీని బాగు."

వానల్లో ఏమవుతుందో మీకూ తెలుసు. ప్రతి ఏటా జులై, ఆగస్టుల్లో పేపరు ఆదిలాబాద్ పేజీల్లో వస్తుంది. వాగు పొంగితే నిండు చూలాలిని మంచం మీద మోసుకుని దాటించడం, అంబులెన్స్ రోడ్డు ఉన్న కాడ ఆగిపోవడం. నేను సరదాకు తొక్కే నాలుగు కిలోమీటర్లు ఇంకొకరికి ఆసుపత్రికీ ఇంటికీ మధ్యనున్న నాలుగు కిలోమీటర్లు.

విదేశాల్లో గ్రావెల్ తొక్కేవాళ్లు కొందరు, మట్టి రోడ్డు మీద తారు పోస్తే బాధపడతారు. పోగొట్టుకున్నామంటూ పోస్టులు పెడతారు. అక్కడ ఆ మాట సరిపోతుందేమో, ప్రతి ఊరికీ ఇంకో మంచి రోడ్డు ఎలాగూ ఉంటుంది. ఇక్కడ ఆ పాట పాడొద్దు. అడవి భూమిలో రోడ్డు వెయ్యాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. ఫైలు ఏళ్లకేళ్లు తిరుగుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ సిఫారసు మీద ఒక హెక్టారు లోపు భూమిని ఊరి రోడ్డుకు ఇచ్చే వీలుంది. ఆ సంగతి గూడెంలో ఎంతమందికి చెప్పారన్నది వేరే కథ. పోయిన ఏడాది నాకు బాగా ఇష్టమైన మొరం ముక్క ఒకటి డాంబర్ అయింది. నాకో రూట్ పోయింది. పోనీ. ఇప్పుడు అక్కడిదాకా ఆటో పోతుంది.

పులి మాట కూడా ఎత్తాలి. మహారాష్ట్రలోని తడోబా నుంచి కవ్వాల్ దాకా పులులు నడిచే దారి ఈ అడవుల గుండానే ఉంది. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్ ఏరియాలోకి అనుమతి లేకుండా పోవడం నేరం, సైకిల్ కదా చప్పుడుండదు అనే వాదన చెల్లదు. అసలు చప్పుడు లేకపోవడమే ప్రమాదం. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 2020 నవంబరులో పులి ఇద్దరిని చంపింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో ఉన్న ఒక యువతిని చంపింది. వాళ్లు సాహసం చెయ్యబోయిన వాళ్లు కారు, పనికి పోయినవాళ్లు. 2025 మే నెలలో ప్రభుత్వం ఆ జిల్లా అడవులను పులుల కారిడార్‌గా ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. తమను ఊళ్ల నుంచి కదిలిస్తారని ఆదివాసులు రోడ్డెక్కారు, జులైలో దాన్ని నిలిపివేశారు. అంటే మనం రీల్ తీద్దామనుకునే బాట మీద పులికి ఒక హక్కు, ఊరికి ఒక హక్కు ఉన్నాయి. వాటి పంచాయితీ ఇంకా తేలలేదు. నడుమ మనం చుట్టాలం, అంతకు మించి కాదు.

అందుకే తిర్యాణి దిక్కు పోయేటప్పుడు నేను కొన్ని పట్టింపులు పెట్టుకున్నాను. ఏడు కొట్టాక బయలుదేరి, నాలుగింటికల్లా పెద్ద రోడ్డు ఎక్కేస్తాను. ఒంటరిగా పోను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోను, పాటలు మోగించను, మలుపుల దగ్గర మాత్రం బెల్లు కొడతాను. ప్రతి ఊరి మొదట్లో ఆగి "ముందుకు పోవచ్చా" అని అడుగుతాను. పులి తిరుగుతోందని అటవీ శాఖవాళ్లో ఊరివాళ్లో అంటే అక్కడినుంచే వెనక్కి. చీకటి పడ్డాక చేలల్లోకి అసలే వద్దు. అడవి పందుల కోసం పెట్టే కరెంటు తీగలకు పంది ఎవరో సైకిల్ మనిషి ఎవరో తెలియదు.

ఇంకోటి. "అన్నా, స్ట్రావాలో రూట్ ఫైలు పెట్టు" అని చాలామంది అడుగుతారు. కన్నాలది ఇస్తాను, గాంధారి ఖిల్లాది ఇస్తాను. గూడేల లోపలి బాటలది ఇవ్వను. ఫైలు పెడితే మూడు నెలల్లో ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు, స్క్రీన్ మీద గీత చూసుకుంటూ, ఎవరినీ అడగకుండా ఒకరి వాకిట్లోంచి, ఒకరి మొక్కజొన్న చేనులోంచి దూసుకుపోతారు. అడుగుతూ పోతేనే ఆ దారి తెలియాలి. నన్ను పిసినారి అనుకున్నా ఫర్వాలేదు.

తూర్పు దిక్కు రూట్ ఇంకొంచెం సాఫీ. బెల్లంపల్లి నుంచి నెన్నెల, అక్కడినుంచి కుశ్నపల్లి అడవి అంచున వేమనపల్లి, ప్రాణహిత ఒడ్డు. ఎక్కుళ్లు తక్కువ, దూరం ఎక్కువ, ఒక రాత్రి ఆగే ఏర్పాటుతో పోవాలి. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అయి కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడుతుంది. 2022 ఏప్రిల్‌లో పుష్కరాలు జరిగింది ఈ నదికే. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పెద్ద డైనోసార్ అస్థిపంజరం చూశారు కదా, కోటాసారస్? అది అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిందే. దాని శాస్త్రీయ నామంలో ఊరి పేరు కూడా ఉంటుంది. స్కూల్ టూర్‌లో హైదరాబాద్ పోయి మన జిల్లా జంతువునే టికెట్ కొని చూసొచ్చామన్నమాట.

ఇక సైకిల్. మంచి గ్రావెల్ సైకిల్ లక్ష దగ్గర పలుకుతుంది. ఇప్పుడే కొనకండి. 40 మిల్లీమీటర్ల టైరు పట్టే హైబ్రిడ్ సైకిల్ ఏదైనా చాలు, పాత ఎంటీబీ అయినా నడుస్తుంది. డిస్కు బ్రేకులు ఉంటే మేలు. చాలామంది గాలి రాయిలా గట్టిగా కొట్టిస్తారు, మొరం మీద అది ఒళ్లు హూనం చేస్తుంది, పట్టూ ఉండదు. నాలాంటి 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 40 పీఎస్ఐ లోపే సరిపోతుంది. చిన్న పంపు కొనుక్కోండి, డాంబర్ మీదికి వచ్చాక మళ్లీ కొట్టుకోవచ్చు.

వానాకాలంలో, వాన వెలిసిన రెండు మూడు రోజుల దాకా, నల్లరేగడి దిక్కు పోవద్దు. ఆ మట్టి టైరుకు చుట్టుకుని, ఫ్రేముకూ చక్రానికీ మధ్య ఇరికి, సైకిల్‌ను కదలనివ్వదు. భుజాన వేసుకుని మొయ్యాల్సిందే. ఎర్ర మొరం వాన పడ్డ మర్నాటికే ఆరిపోతుంది. నీళ్లు మనిషికి మూడు లీటర్లు. బెల్లం పల్లీ పట్టీలు జేబులో వేసుకోండి, వాటిని మించిన ఎనర్జీ బార్ ఇంకా రాలేదు.

అసలు శత్రువు మాత్రం పల్లేరు కాయ. అమెరికావాళ్లు గోట్‌హెడ్ అని పేరు పెట్టి భయపడి చచ్చేది దీని గురించే. మన చేలగట్ల మీద చిన్న పసుపు పూలతో నేలకు పరుచుకుని అమాయకంగా కనిపిస్తుంది. ఎండిన కాయ ఎట్ల పడ్డా ఒక ముల్లు పైకే ఉంటది. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ పోసుకుంటే చిన్న రంధ్రాలు వాటంతట అవే మూసుకుంటాయి. ట్యూబు టైరైతే రెండు స్పేర్ ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్ దగ్గరుండాలి. ముల్లు కనిపించగానే ఆత్రంగా పీకకండి. ముందు నీడ చూసుకోండి, పంపు బయటికి తీయండి, అప్పుడు పీకండి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు సికింద్రాబాద్–కాగజ్‌నగర్ భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బెల్లంపల్లిలో దిగొచ్చు. సైకిల్ సంగతి ముందే పార్సిల్ ఆఫీసులో మాట్లాడుకోండి. స్టేషన్ బయట పొద్దున్నే వేడివేడి మిర్చీ దొరుకుతుంది, అది తిని ఎక్కుడు రూట్‌కు మాత్రం పోవద్దు.